మన్రో దొర బడి లెక్క

మా సీమలో వెనకటికి పిల్లలకు మండ్రోలప్ప అని పేరు పెట్టుకునేవారు. అది థామస్ మన్రో దొర పేరే. ఆయన 1761లో స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టాడు. 1780లో కంపెనీ పటాలంలో చేరి మద్రాసు వచ్చాడు. 1800 నుంచి 1807 దాకా కడప, బళ్లారి వైపు దత్తమండలాలకు కలెక్టరు. డేరాలేసుకుని ఊరూరా తిరిగి రైతులకే నేరుగా శిస్తు కట్టాడు.

1820లో మద్రాసు గవర్నరైనాడు. 1822లో అన్ని జిల్లాల బడుల లెక్క పంపమన్నాడు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ రాసింది నాకు బాగా నచ్చింది. అయిదో ఏట పిల్లవాణ్ణి బడిలో వేసేటప్పుడు అయ్యవారినీ బడిపిల్లలనూ ఇంటికి పిలిచేవారంట. వినాయకుని ముందు కూర్చోబెట్టి, వేలితో బియ్యంలో రాయించేవారంట. పిల్లలు పనికి అక్కరకు రాగానే పేదవాళ్లు బడి మాన్పించేవారంట. అది మా చెంచుగూడెంలో నేనూ చూసినాను. నన్ను బడిలో వేసిననాడు బియ్యం లేదు, ఏమీ లేదు. మా నాయన వేలిముద్ర వేసి పోయినాడు.

మద్రాసు రాజధాని మొత్తం మీద 12,498 బడులు తేలాయి. అయ్యవార్లకు నెలకు ఆరేడు రూపాయలు కూడా దాటేది కాదు. అందుకని 1826లో మన్రో తాలూకాకు ఒక బడి, అయ్యవారికి సర్కారు జీతం 9 రూపాయలు అని రాశాడు. ఆ లెక్కలో ఆడపిల్లలు బహు తక్కువ. బ్రాహ్మలకు, వైశ్యులకు, శూద్రులకు, ముసల్మానులకు గడులున్నాయి. మా చెంచులకు గడి లేదు.

1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆ బడులు 1836లో ఎత్తేశారు.

మా చెల్లెలికి అయిదో ఏడు వస్తోంది. సెలవులకు పోయినప్పుడు చేటలో బియ్యం పోసి నేనే రాయిస్తాను. మా అమ్మనూ పక్కన కూర్చోమంటాను.