రోగి శయ్యయే పాఠశాల: డాక్టరు సూర్యకుమార చక్రవర్తి జీవితము

నేడు బంగ్లాదేశములోనున్న ఢాకా ప్రాంతపు పల్లె యొకదానిలో, 1820ల దశకమున, ఒక బ్రాహ్మణ కుటుంబమునందు సూర్యకుమార చక్రవర్తి జన్మించెను. చిన్నతనముననే తల్లిదండ్రులను కోల్పోయిన ఆ బాలునికి ఆస్తి లేదు, అండ లేదు. చదువుకొనవలెనను ఆశ మాత్రము మిక్కుటముగా నుండెను. ఆ ఆశయే అతనిని కుమిల్లాలోని ఇంగ్లీషు పాఠశాలకును, అటుపిమ్మట కలకత్తా నగరమునకును నడిపించెను.

ఆ నగరములో 1835వ సంవత్సరమున గవర్నరు జనరల్ విలియం బెంటింక్ మెడికల్ కాలేజీని స్థాపించియుండెను. శవమును తాకుట అపవిత్రమని అగ్రవర్ణములవారు తలంచుచున్న ఆ దినములలో, 1836లో మధుసూదన గుప్త ఆ కాలేజీలో శవపరీక్ష చేసి, క్రొత్త వైద్యవిద్యకు ద్వారము తెరచెను. దేహము లోపల ఏమున్నదో కన్నులతో చూడక, రోగిని చేతితో పరీక్షింపక, గ్రంథములను మాత్రము వల్లించిన వాడు వైద్యుడు కాజాలడని ఆ కాలేజీ నేర్పిన మొదటి పాఠము. చక్రవర్తి అచ్చట విద్యార్థిగా చేరెను. ఆచార్యుడైన డాక్టరు హెన్రీ గుడీవ్ అతనిలోని తెలివిని, పట్టుదలను గుర్తించెను.

1845 మార్చిలో డాక్టరు గుడీవ్ నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని ఇంగ్లాండునకు ఓడ నెక్కెను. వారిలో ఇద్దరి వ్యయమును ద్వారకానాథ ఠాగూరు భరించెను. మిగిలిన సొమ్ము గుడీవ్ వలనను, దాతల చందాల వలనను సమకూడెను. భోలానాథ బోసు, గోపాలచంద్ర శీల్, ద్వారకానాథ బోసు, సూర్యకుమార చక్రవర్తి అనువారే ఆ నలుగురు. సముద్రము దాటుటయే కులభ్రష్టతకు కారణమని యెంచిన కాలమది. ఓడ యెక్కిన యువకునికి వెనుకటి ఇల్లు ఉండునో ఉండదో తెలియదు.

లండనులో వారు యూనివర్సిటీ కాలేజీలో చేరిరి. ఆ కాలేజీ విద్యార్థుల శిక్షణకొరకే 1834లో తెరువబడిన ఆస్పత్రి దాని ప్రక్కనే యుండెను. అచ్చటి పద్ధతిలో విద్యార్థి వార్డులో నిలిచి, రోగి చెప్పు మాట విని, నాడి చూచి, గుండె చప్పుడు ఆలకించి, దినదినము కలుగు మార్పును వ్రాసికొనవలెను. శస్త్రచికిత్స విభాగములో గాయములకు కట్టు కట్టవలెను. ఆపై ఆచార్యుని ప్రశ్నలకు రోగి యెదుటనే ఉత్తరమియ్యవలెను. తోటివారు ముందుగా స్వదేశమునకు తిరిగి పోయినను చక్రవర్తి అచ్చటనే నిలిచి, 1849లో లండను విశ్వవిద్యాలయపు ఎం.డి. పట్టము పొందెను. విద్యార్థి దశలోనే ఆయన క్రీస్తును అంగీకరించి బాప్తిస్మము పొంది, తండ్రివలె తన్ను ఆదరించిన గురువు పేరును తన పేరులో చేర్చుకొనెను. నాటినుండి ఆయన సూర్యకుమార గుడీవ్ చక్రవర్తి.

1850లో ఆయన కలకత్తాకు తిరిగివచ్చెను. పట్టమున్నది, అనుభవమున్నది, అయినను ఈస్టిండియా కంపెనీ వైద్యసేవలోని ఉన్నత పదవులు ఆయనకు అందలేదు. అవి లండనులోని డైరెక్టర్లు తమ కిష్టులైన వారికిచ్చు పదవులు. చక్రవర్తికి ఆ సేవకు వెలుపల, మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో సహాయ వైద్యుని ఉద్యోగము మాత్రము దొరకెను. ఆయన ఆ పనిని చిన్నదిగా ఎంచక వార్డులలో రోగులకు సేవ చేయుచు వచ్చెను.

1853వ సంవత్సరపు చట్టము ఆ నియామకములను బహిరంగ పోటీపరీక్షకు విడిచెను. పరీక్ష జరుగునది లండనులో. చేతిలోనున్న ఉద్యోగమును విడిచి, మరల సముద్రము దాటి, ఇంగ్లీషు యువకులతో పోటీకి కూర్చుండవలెను. ఓడిపోయినచో నవ్వువారు అనేకులు. అయినను 1854లో ఆయన బయలుదేరెను. 1855 జనవరిలో జరిగిన ఆ మొదటి పరీక్షలో ఆయన రెండవ స్థానము సంపాదించి, ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించిన మొదటి భారతీయుడాయెను. అంతవరకు మూయబడియున్న తలుపు ఆయన వెనుక వచ్చువారి కొరకు తెరువబడెను.

తరువాతి కాలమున ఆయన తన్ను పెంచిన మెడికల్ కాలేజీలోనే మెటీరియా మెడికా, అనగా ఔషధద్రవ్యశాస్త్రము, బోధించు ఆచార్యుడును, దాని ఆస్పత్రి వైద్యుడును ఆయెను. బెంగాలులో వైద్యవృత్తి స్థితినిగూర్చి ఆయన వ్రాసిన వ్యాసము 1864లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడెను. భారతదేశ విషయములపై ఆయన చేసిన ఉపన్యాసములు 1870లో గ్రంథముగా అచ్చయ్యెను. 1874లో ఆయన లండనులో కన్నుమూసెను.

మన కుటుంబములలో వైద్యవిద్య చదువుచున్న బిడ్డలు నేడు అనేకులున్నారు. ఎం.బి.బి.ఎస్. ముగిసిన పిమ్మట పండ్రెండు నెలలు హౌస్ సర్జన్లుగా వారు వైద్యము, శస్త్రచికిత్స, ప్రసూతి, శిశువైద్యము మొదలైన విభాగములలో వంతులవారీగా పనిచేయవలెను. అదే సమయమున పి.జి. సీటు కొరకు ప్రవేశపరీక్షకు సిద్ధపడవలెను. ర్యాంకుపైననే భవిష్యత్తు ఆధారపడియుండుటచేత వార్డు భారముగాను, పుస్తకమే మార్గముగాను తోచుట సహజము. హాజరుపట్టీలో సంతకము చేసి గదికి వెళ్లి చదువుకొనవలెనను శోధన కలుగును. తల్లిదండ్రులు సైతము ర్యాంకునుగూర్చి యడుగుదురే గాని, నేడు ఏ రోగికి ఉపశమనము కలిగించితివని యడుగుట అరుదు.

చక్రవర్తి పరీక్షను తృణీకరింపలేదు. దానికొరకు సముద్రము దాటెను. కాని పరీక్షకు ముందు లండను ఆస్పత్రిలోను, కలకత్తా వార్డులలోను ఆయన గడిపిన సంవత్సరములున్నవి. పరీక్ష ఆయనకు పదవి నిచ్చెను. ఆ పదవికి తగిన చేతులను మాత్రము రోగుల శయ్యలే ఇచ్చెను. ర్యాంకు ఒక దినమున ప్రకటింపబడును. రాత్రి రెండు గంటలకు ఊపిరాడక అల్లాడు రోగి ప్రక్క నిలుచుటకు కావలసిన నిబ్బరము ఒక దినమున వచ్చునది కాదు. హౌస్ సర్జన్ సంవత్సరము అట్టి నిబ్బరమును నేర్పు కాలము. దానిని పోగొట్టుకొనక, చదువును విడువక, రెంటిని సమానముగా మోయు కృప మన బిడ్డలకు కలుగునట్లు వారికొరకు ప్రార్థించుదము.