ఇటావా స్టేషన్‌లో పేపర్ కోసం ఎదురుచూసిన కుర్రాడు

దేశానికి మూడో రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ మన హైదరాబాద్‌లోనే పుట్టారు. 1897 ఫిబ్రవరి 8న. ఆయన రాష్ట్రపతి అయ్యారన్న సంగతి అందరికీ తెలుసు. చిన్నప్పుడు, బడికి వెళ్లే రోజుల్లో, ఎక్కడో సముద్రాల అవతల యుద్ధంలో నలిగిపోయిన కుటుంబాల కోసం చందాలు పోగుచేశారన్నది మాత్రం చాలామందికి తెలియదు.

తండ్రి ఫిదా హుసేన్ ఖాన్‌ది ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని ఖాయంగంజ్. పఠాన్ల కుటుంబం. బతుకుతెరువు కోసం హైదరాబాద్ వచ్చి వకీలుగా బాగా పేరు తెచ్చుకున్నారు. ఏడుగురు కొడుకులు. అందులో జాకిర్ మూడోవాడు. ఇల్లు నిండుగా ఉండేది, దేనికీ లోటు లేదు. కానీ 1907లో తండ్రి చిన్న వయసులోనే క్షయతో చనిపోయారు. అప్పటికి జాకిర్‌కు పదేళ్లు. తల్లి నాజ్‌నీన్ బేగం పిల్లల్ని వెంటబెట్టుకుని ఖాయంగంజ్ వెళ్లిపోయారు. మగదిక్కు లేని ఇల్లు, చదువుకోవాల్సిన పిల్లలు. అయినా ఆ తల్లి వెనక్కి తగ్గలేదు. జాకిర్‌ను ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్‌కు పంపి, హాస్టల్‌లో ఉంచి చదివించారు.

యమునా నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం ఇటావా. అక్కడ చదువుతో పాటు నమాజు, క్రమశిక్షణ, సాదా బతుకు నేర్పేవారు. జాకిర్ చదువులో చురుకైనవాడు. మాట్లాడటంలో ఇంకా చురుకు.

1911లో ఇటలీ సైన్యం ట్రిపోలీ మీద దాడి చేసింది. ఇప్పటి లిబియా అది. అప్పట్లో ఉస్మానియా తుర్కుల పాలనలో ఉండేది. అది ముగుస్తుండగానే 1912లో బాల్కన్ యుద్ధం మొదలైంది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఎముకలు కొరికే చలిలో లక్షల మంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు మూటాముల్లె సర్దుకుని ఇస్తాంబుల్ వైపు నడిచారు. గాయపడ్డ సిపాయిలకు వైద్యం లేదు, యతీములను చూసుకునే దిక్కు లేదు. ఈ వార్తలు హిందూస్తాన్ ముస్లింలను కదిలించేశాయి. మౌలానా ముహమ్మద్ అలీ తన పత్రికలో సాయం కోసం పిలుపునిచ్చారు. ఊరూరా చందాలు మొదలయ్యాయి.

అప్పటికి జాకిర్‌కు పద్నాలుగు, పదిహేనేళ్లు. చేతిలో డబ్బు లేదు, తండ్రి లేడు. ఏం చేయగలడు? కానీ తనకు ఇంగ్లీషు చదవడం వచ్చు. అలహాబాద్ నుంచి వచ్చే పయనీర్ పత్రికలో యుద్ధం వార్తలు ఉండేవి. అది రైల్లో వచ్చేది. పేపర్ చేతికి అందేదాకా ఆగలేక జాకిర్ స్టేషన్‌కే వెళ్లి నిలబడేవాడు. పేపర్ తీసుకుని మసీదుకు వచ్చి, అక్కడ చేరినవాళ్లకు ఆ వార్తలు వినిపించేవాడు. ఇంగ్లీషు రాని పెద్దలకు ఆ పిల్లాడే కళ్లు, చెవులు. వార్తలు చెప్పాక సాయం చేయమని అడిగేవాడు. చందా పోగుచేసేవాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. జాకిర్ మొదట చేయి చాచలేదు. మొదట ఏం జరిగిందో చెప్పాడు. ఆ బాధితుల పరిస్థితి విన్నవాళ్ల కళ్లకు కట్టేలా చేశాడు, తర్వాతే అడిగాడు. మన మసీదుల్లో ఇప్పటికీ వరదలొచ్చినా, భూకంపం వచ్చినా జుమా నమాజు తర్వాత చందా పడుతుంది. ఎవరి కోసమో, ఎందుకో తెలిసి ఇచ్చే పదిరూపాయలకు ఉండే బరువు వేరు.

అలా దేశమంతా పోగైన డబ్బుతోనే 1912 చివర్లో డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వంలో ఒక వైద్య బృందం బొంబాయి నుంచి ఓడెక్కి తుర్కీ వెళ్లింది. గాయపడ్డవారికి సేవ చేసి వచ్చింది. తెలియని ఊళ్లలో తెలియని చేతులు వేసిన అణాలు, పైసలు అంతదూరం వెళ్లి మందులయ్యాయి, కట్లయ్యాయి.

కానీ ముసీబత్ ఎప్పుడూ దూరదేశంలోనే ఉండదు. 1911లోనే ఖాయంగంజ్‌లో ప్లేగు ప్రబలింది. ఆ ప్లేగు జాకిర్ తల్లిని పొట్టన పెట్టుకుంది. ఒక్క నాజ్‌నీన్ బేగమే కాదు, ఆ ఇంట్లో ఇంకొందరు కూడా పోయారు. తండ్రి పోయిన నాలుగేళ్లకు తల్లి కూడా పోయింది. యతీముల కోసం చందా అడిగిన పిల్లాడు తానే పూర్తిగా యతీమ్ అయ్యాడు. ఎవరైనా అక్కడే ఆగిపోయేవారు. జాకిర్ ఆగలేదు. బడి పూర్తిచేసి 1913లో అలీగఢ్ కాలేజీలో చేరాడు.

1920లో జామియా మిల్లియా ఇస్లామియా పుట్టినప్పుడు దాన్ని మొదలుపెట్టిన యువకుల్లో జాకిర్ సాబ్ ఒకరు. తర్వాత జర్మనీ వెళ్లి డాక్టరేట్ చేశారు. అక్కడుండగానే జామియా మూతపడేలా ఉందని కబురొచ్చింది. తుర్కీలో ఖిలాఫత్ రద్దయ్యాక ఇక్కడి ఖిలాఫత్ నిధులు ఎండిపోయాయి. జామియాకు పైసా లేదు. 1926లో ఆయన తిరిగొచ్చి ఆ బరువును నెత్తినెత్తుకున్నారు. అప్పటికి ఆయనకు 29 ఏళ్లు. ఎక్కడికెళ్లినా పెద్ద జీతం దొరికేది. అలాంటి మనిషి 1928లో సాటి ఉపాధ్యాయులతో కలిసి మాటిచ్చారు. ఇరవై ఏళ్లపాటు జామియాలోనే పనిచేస్తాం, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోం అని.

బడి నడవాలంటే అది చాలదు. అప్పుడు ఇటావాలో నేర్చుకున్న పాఠమే అక్కరకొచ్చింది. ఒక్క నవాబు ఇచ్చే పెద్ద మొత్తం మీద ఆధారపడితే ఆ నవాబు మనసు మారిన రోజు తలుపులు మూసుకోవాలి. వేలమంది ఇచ్చే చిన్న మొత్తాలైతే అలా కాదు. షఫీఖుర్రహ్మాన్ కిద్వాయీ వంటి సహచరులు హమ్‌దర్దానె జామియా పేరుతో ఊరూరా తిరిగి, మామూలు జనం నుంచి కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా చందా వచ్చేలా చేశారు. 1935లో ఓఖ్లాలో కొత్త భవనానికి పునాదిరాయి వేసే రోజు వచ్చింది. ఏ రాజునో, ఏ లాట్ సాబ్‌నో పిలవలేదు. జామియాలో అందరికంటే చిన్న విద్యార్థి చేత ఆ రాయి వేయించారు.

పిల్లలంటే ఆయనకు అంత గౌరవం. జామియా ప్రాథమిక బడిలో ఆయన పిల్లలకు మిఠాయి పంచుతుండగా, జబ్బుతో ఉన్న తన చిన్న కూతురు చనిపోయిందని కబురు వచ్చింది. ముఖం పాలిపోయింది కానీ, పంచడం ఆపలేదు. ఆ పిల్లల సంతోషం చెడకూడదనుకున్నారు. తర్వాత పిల్లల కోసం రాసిన ఉర్దూ కథలను ఆ కూతురు రుఖయ్యా రేహానా పేరు మీదే అచ్చు వేయించారు.

1947లో జలంధర్ రైల్వే స్టేషన్‌లో అల్లరిమూకలు ఆయన్ను చంపబోయాయి. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే అధికారి అడ్డుపడి కాపాడారు. ప్రాణాలతో ఢిల్లీ చేరిన ఆయన మనసులో పగ పెట్టుకోలేదు. ఢిల్లీలో పురానా ఖిలా, హుమాయూన్ మఖ్బరా నిరాశ్రయులతో నిండిపోయాయి. జామియావాళ్లు ఆ శిబిరాల్లో పనిచేశారు. చిన్నప్పుడు పేపర్లో చదివి వినిపించిన దృశ్యం ఇప్పుడు తమ ఊళ్లోనే కళ్లెదుట ఉంది.

1967 మేలో ఆయన రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయన ఖబర్ జామియాలోనే ఉంది. జనం వేసిన చిన్నచిన్న చందాలతో నిలిచిన ఆ బడి ఆవరణలో, రోజూ వేలమంది పిల్లలు చదువుకోవడానికి నడిచే దారిపక్కనే.