కళాసీల పేర్లు లెక్కపెట్టిన విద్యార్థి – థామస్ క్లార్క్‌సన్

కాలేజీలో వ్యాసరచన పోటీ పెట్టారంటే మనం ఏం చేస్తాం? లైబ్రరీలో రెండు పుస్తకాలు తిరగేసి, నాలుగు పేజీలు నింపి, ప్రైజు వస్తే స్టేజీ ఎక్కి పుచ్చుకుంటాం. మర్నాటికి ఏం రాశామో మనకే గుర్తుండదు. కాని తాను రాసిన వ్యాసమే తనను నిద్రపోనివ్వకుండా జీవితాంతం వెంటాడిన విద్యార్థి ఒకడున్నాడు. ఆయనే థామస్ క్లార్క్‌సన్.

ఆయన 1760 మార్చి 28న ఇంగ్లండులోని విస్‌బెక్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి చర్చి గురువు, బడిపంతులు కూడా. కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీలో చదివారు. 1785లో విశ్వవిద్యాలయం వారు లాటిన్ వ్యాసపోటీ పెట్టారు. మనుషులను వాళ్ళ ఇష్టానికి విరుద్ధంగా బానిసలుగా చేయడం న్యాయమేనా అన్నది విషయం. క్లార్క్‌సన్‌కు మొదట కావలసింది ప్రైజు మాత్రమే. అయితే ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చే ఓడల సంగతులు చదివేకొద్దీ మనసు చెదిరిపోయింది. మొదటి బహుమతి వచ్చింది. ఆ తరువాత లండనుకు గుర్రం మీద పోతూ వేడ్స్‌మిల్ అనే ఊరి దగ్గర దిగి, దారి పక్కన కూలబడ్డారు. తాను రాసిందంతా నిజమే అయితే దాన్ని ఆపడానికి ఎవరో ఒకరు పూనుకోవాలి కదా అనిపించింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు.

1787 మే నెలలో లండనులో పన్నెండు మందితో ఒక సంఘం ఏర్పడింది. వారిలో తొమ్మండుగురు క్వేకర్లు. సాక్ష్యాలు సేకరించే పని క్లార్క్‌సన్ మీద పడింది. బానిస వ్యాపారం నావికులకు బడిలాంటిదని, అది ఆగితే దేశ నౌకాబలమే దెబ్బతింటుందని వ్యాపారులు చెప్పేవారు. పార్లమెంటు కూడా ఆ మాట నమ్మింది. సరే, ఆ బడిలో చేరినవాళ్ళు ఏమయ్యారో చూద్దామని క్లార్క్‌సన్ బ్రిస్టల్ రేవుకు బయలుదేరారు.

అక్కడ సెవెన్ స్టార్స్ అనే సారాదుకాణం యజమాని థామ్సన్ ఆయన్ను అర్ధరాత్రి వేళ మార్ష్ వీధిలోని తాగుడు ఇళ్ళకు తీసుకుపోయాడు. కుర్రాళ్ళకు తాగబోయించి, అప్పు నెత్తిన పెట్టి, జైలా ఓడా తేల్చుకోమనేవాళ్ళు. మా తాతగారి రోజుల్లో అడ్వాన్సు తీసుకున్న పాలేరు ఏళ్ళ తరబడి ఆ ఇల్లు వదిలిపోలేకపోవడం గురించి ఇంట్లో విన్నాను. ఇది చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

ఓడ ఎక్కాక అసలు కథ మొదలయ్యేది. ఆఫ్రికా తీరంలో బందీలకు కాపలా కాయడానికి కెప్టెన్‌కు ఎక్కువమంది కళాసీలు కావాలి. వెస్టిండీస్‌లో బందీలను అమ్మేశాక అంతమంది అక్కరలేదు. జీతంలో కొంత అక్కడి తక్కువ విలువ డబ్బుతోనే సరిపెట్టేవాళ్ళు. కళాసీ విసిగి పారిపోతే మిగతా జీతం ఓడ యజమానికే మిగిలేది. కాబట్టి తిట్టడం, కొట్టడం, తిండి తగ్గించడం కెప్టెన్‌కు లాభసాటి బేరమే. కింది అంతస్తు బందీలతో నిండిపోతే కళాసీలు ఎండకూ వానకూ పై తట్టు మీదే పడుకోవాలి. బ్రదర్స్ అనే ఓడలో జాన్ డీన్ అనే నల్లజాతి స్వతంత్ర నావికుణ్ణి తట్టు మీద బోర్లా కట్టి, వీపు మీద మరిగే తారు పోశారని క్లార్క్‌సన్‌కు తెలిసింది. ఆ ఓడలోనే వెనకటి ప్రయాణంలో 32 మంది నావికులు చనిపోయారు.

కోర్టుకు పోతే? ఒక నావికుణ్ణి కొట్టి చంపిన కేసులో ఇద్దరు సాక్షులు వేల్సులో నీత్ ఊరి బొగ్గుగనిలో ఉన్నారని తెలిసి, క్లార్క్‌సన్ గాలివానలో సెవర్న్ దాటి వెళ్ళి వాళ్ళను వెతికి పట్టుకున్నారు. వాళ్ళు లండను చేరేసరికి విచారణ ముగిసి నిందితులు బయటపడిపోయారు. లివర్‌పూల్ రేవులో అయితే కొందరు ఆయన్నే నీళ్ళలోకి నెట్టి చంపబోయారు. వాళ్ళ మధ్యనుంచి తోసుకుని పరుగెత్తి ప్రాణం దక్కించుకున్నారు.

సైన్సు విద్యార్థిగా నాకు నచ్చింది ఆ తరువాత ఆయన చేసిన పని. ఓడల్లో పనిచేసేవాళ్ళ పేర్లు రాసే పట్టీలు రేవుల్లో ఉండేవి. వాటిని ముందేసుకుని 20,000 మందికి పైగా నావికుల లెక్క తీశారు. 1786–87లో లివర్‌పూల్‌కు తిరిగొచ్చిన 88 బానిస ఓడల్లో బయలుదేరినవాళ్ళు 3,170 మంది. చచ్చిపోయినవాళ్ళు 642. దారిలో వదిలేసినవాళ్ళు, పారిపోయినవాళ్ళు 1,100. ఇల్లు చేరినవాళ్ళు 1,428. అంటే సగం కూడా లేరన్నమాట! అది నావికుల బడి కాదు, శ్మశానం అని అంకెలే చెప్పాయి.

ఐతే ఒక్క మాట మరిచిపోకూడదు. కెప్టెన్ చేత దెబ్బలు తిన్న కళాసీయే కిందికి దిగి బందీలను కొట్టేవాడు. నావికుడికి పట్టీలో పేరైనా ఉంది. ఆఫ్రికా మనుషులు లెక్కల పుస్తకంలో అంకెలు మాత్రమే. ఆ మూడున్నర శతాబ్దాల్లో ఓడ ఎక్కించినవాళ్ళు దాదాపు కోటి పాతిక లక్షలమంది. దారిలోనే పోయినవాళ్ళు పద్దెనిమిది లక్షల దాకా ఉంటారు. తెల్లవాళ్ళ చావుల లెక్క చూపిస్తే గాని పార్లమెంటు చెవి ఒగ్గలేదు. అది ఆ కాలానికి సిగ్గుచేటు. క్లార్క్‌సన్ మాత్రం ఆ లెక్కతోనే ఆగిపోలేదు. బందీలకు వేసే సంకెళ్ళు, వేళ్ళు నొక్కే మరలు, తిండి మానేసినవాళ్ళ నోళ్ళు బలవంతాన తెరిచే పనిముట్లు లివర్‌పూల్ అంగట్లో కొని తెచ్చి అందరికీ చూపించారు.

ఏడేళ్ళలో 35,000 మైళ్ళు తిరిగారంటారు. 1794 నాటికి ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. కోలుకుని మళ్ళీ దిగారు. 1807లో బ్రిటిషు పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధించింది. 1833లో సామ్రాజ్యంలో చాలాచోట్ల బానిసత్వాన్నే రద్దు చేసే చట్టం వచ్చింది. 1840లో లండనులో జరిగిన ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభకు ఎనభై ఏళ్ళ వయసులో అధ్యక్షత వహించారు. 1846 సెప్టెంబరు 26న ప్లేఫోర్డులో కన్నుమూశారు.

మిత్రులారా! మనమూ పరీక్షల్లో ఎన్నో వ్యాసాలు రాస్తున్నాం. వాటిలో నిజమని నమ్మి రాసిన వాక్యం ఒక్కటున్నా, దాని వెంట ఎంతదూరం పోతామో మనల్ని మనం అడగాలి. క్లార్క్‌సన్ అరవై ఏళ్ళు పోయారు.