డెబియన్‌లో సగం పేరు ఆయనది

ల్యాబ్‌లో ఉబుంటు వాడే మనలో "అన్‌మెట్ డిపెండెన్సీస్" అనే ఎర్రర్ చూడనివాళ్లు ఉండరేమో. ఆ మెసేజ్‌ని తిట్టుకునే ముందు ఇయాన్ మర్డాక్ గురించి కాస్త తెలుసుకుందాం.

ఆయన 1973 ఏప్రిల్ 28న అప్పటి పశ్చిమ జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో పుట్టాడు. చదివింది అమెరికాలో, పర్డ్యూ యూనివర్సిటీలో. అప్పట్లో ఎక్కువమంది వాడే ఎస్‌ఎల్‌ఎస్ అనే లినక్స్ నిండా బగ్గులే. దాంతో విసిగి, 1993 ఆగస్టు 16న కొత్త డిస్ట్రిబ్యూషన్ మొదలుపెడుతున్నానని ప్రకటించాడు. అప్పటికి ఆయన వయసు 20, అంటే మన థర్డ్ ఇయర్ వాళ్ల ఈడే. తర్వాత భార్య అయిన డెబ్రా పేరూ తన పేరూ కలిపి దానికి డెబియన్ అని పెట్టాడు. (మన దగ్గర ఇలాంటి పేర్లు ఆటోల వెనక కనపడతాయి.)

అసలు చిక్కు ఎక్కడంటే, ఏ ప్రోగ్రామూ ఒంటరిగా నడవదు. ఎమ్మిగనూరు మగ్గాలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నూలు రానిదే పడుగు లేదు, పడుగు లేనిదే పేక వెయ్యలేం. అందుకే డెబియన్‌లో ప్రతి ప్యాకేజీ తనకు ఏమేం కావాలో, ఏ వెర్షన్ కావాలో తనలోనే రాసి పెట్టుకుంటుంది. ఆ ప్యాకేజీలను ఎక్కించే డీపీకేజీని 1994లో షెల్ స్క్రిప్టుగా మొదట రాసింది మర్డాకే. తర్వాత ఇయాన్ జాక్సన్ దాన్ని సీలో తిరగరాశాడు.

అయితే డీపీకేజీ లోటు ఏంటో చెబుతుంది గానీ తెచ్చి పెట్టదు. నెట్ సరిగా అందని చిప్పగిరి లాంటి ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది. ఆదోనిలో ఒక డెబ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని ఇంటికి పోతే, అది ఇంకో లైబ్రరీ అడుగుతుంది. మళ్లీ పోయి అది తెస్తే మూడోది అడుగుతుంది! ఈ గొలుసు మొత్తాన్ని తనే లెక్కగట్టి తెచ్చే ఆప్ట్ 1999లో డెబియన్ 2.1తో వచ్చింది. అది వేరేవాళ్ల పని. మర్డాక్ 1996లోనే ప్రాజెక్టు పగ్గాలు బ్రూస్ పెరెన్స్‌కు అప్పజెప్పాడు. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని అదే. తను లేకపోయినా నడిచేలా కట్టాడు. మన క్లబ్బుల్లో ఎన్ని అలా నడుస్తున్నాయో మీకే తెలుసు.

ఆప్ట్ ఉన్నా ఇప్పటికీ చిక్కులు వస్తూనే ఉంటాయి. వేరే రిలీజ్ రిపాజిటరీని తెచ్చి కలిపితే వెర్షన్లు పొసగవు. అప్పుడు ఒకే ఆదేశాన్ని పదిసార్లు కొట్టి లాభం లేదు. ఎవరు ఎవరిని ఆపుతున్నారో ఆప్ట్ స్క్రీన్ మీదే చెబుతుంది, అది చదవాలి.

తర్వాత ఆయన ప్రోజెనీ అనే కంపెనీ పెట్టాడు, 2007లో సన్ మైక్రోసిస్టమ్స్‌కు వెళ్లాడు, 2015 చివర్లో డాకర్‌లో చేరాడు. డాకర్‌లో ప్రతి ప్రోగ్రామూ తనకు కావలసినవన్నీ డబ్బాలో వెంట తెచ్చుకుంటుంది. అందరికీ ఒకే వంటిల్లు కట్టినవాడు, ఎవరి క్యారియర్ వాళ్లు తెచ్చుకునే చోటికి చేరాడన్నమాట.

అక్కడ పట్టుమని రెండు నెలలు కూడా గడవలేదు. 2015 డిసెంబర్ 28న శాన్‌ఫ్రాన్సిస్కోలో చనిపోయాడు. వయసు 42. రెండేళ్లకు, 2017లో వచ్చిన డెబియన్ 9ని ఆయనకే అంకితమిచ్చారు.