ఆంథోనీ నారిస్ గ్రోవ్సు చరితము

ద్రాక్షారామ ప్రాంతపు కాలువలను జూచినపుడెల్ల మనము కాటన్ దొరను దలచుకొందుము. 1833వ సంవత్సరమున ఆ దొరతో గూడి బాగ్దాదునుండి హిందూదేశమునకు బయలుదేరిన గ్రోవ్సును దలచువారు అరుదు. గోదావరి డెల్టాలోని బ్రదరన్ క్రైస్తవ సంఘములకు మూలపురుషు డాతడే.

గ్రోవ్సు 1795లో ఇంగ్లండునందు జన్మించెను. దంతవైద్యము ఆతని వృత్తి. ఎక్సెటరు పట్టణమున రాబడి మెండు. భార్యాభర్తలు రాబడిలో మొదట పదియవ వంతును, పిదప నాల్గవ వంతును, తుదకు సర్వమును ధర్మమున కర్పింప దొడగిరి. మతాచార్య పట్టమును గోరి ఆతడు డబ్లిను నగరపు ట్రినిటీ కళాశాలలో విద్యార్థిగా జేరెను. ఐర్లండు కతోలికుల దేశము. అందు ప్రొటెస్టంటులు కొలదిమంది. ఆ కొలదిమందియు, మన శాఖాభేదములవలెనే, ఒకరి పంక్తిని ఒకరు ముట్టని తెగలుగా జీలియుండిరి. రాజ్యాధికారముచే నిలిచిన చర్చి యొకటి, కతోలిక రైతులనుండియు దశమభాగమును రాబట్టుకొనుచుండెను. ఈ స్థితిని జూచిన గ్రోవ్సు, విశ్వాసులు ఏ తెగవారైనను పట్టాభిషిక్తుడగు పాదిరి లేకయే యొకచోట గూడి రొట్టె విరువవచ్చునని మిత్రులకు సూచించెను. ఆ చిన్న కూటమే బ్రదరన్ సంఘమునకు బీజము. పిమ్మట ఆతడు పట్టమును గోరుట మానెను, వృత్తిని విడిచెను.

1829లో సకుటుంబముగా బాగ్దాదునకు బోయెను. 1831లో ఆ నగరమునకు మహామారి, వరద, ముట్టడి యొకదాని వెంట నొకటి వచ్చెను. భార్య మహామారిచే మృతి నొందెను. కొలది మాసములకు పసిబిడ్డయు బోయెను. మరుసటి యేట నాతనికి దోడుగా వచ్చినవారిలో ఫ్రాన్సిస్ న్యూమన్ ఒకడు. ఈతడు కాలక్రమమున క్రైస్తవ సిద్ధాంతములను విడిచి ఏకేశ్వరవాదియై, మన బ్రహ్మసమాజ పెద్దలచే ఆదరముతో జదువబడినవాడు. ఈతని యన్న కతోలికుడై కార్డినలు పదవి నధిష్ఠించెను. ఒక్క యింటనే యెన్ని త్రోవలు!

గ్రోవ్సు 1836లో బౌడెను, బీరు అను ఇరువురు దంపతులను దెచ్చి తెలుగు దేశమున నిలిపెను. వీరికి జీతము లేదు, బిరుదు లేదు. నరసాపురము వీరి నెలవయ్యెను. 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని ప్రారంభము కాగా, వేలకొలది కూలీల నడుమ వీరు బోధించిరి. మన దేవాలయముల గడప దాటనీయబడని మాలలు ఆ రొట్టెకడ దొరలతో సమముగా గూర్చుండిరి. ఈ మాట వ్రాయుటకు నాకు సిగ్గుగానున్నది, కాని దాచరాదు.

గ్రోవ్సు మాత్రము చిత్తూరున పట్టుపురుగుల పెంపకము సాగించి, నష్టపడి, అప్పులపాలయ్యెను. మతప్రచారకుడు స్వకష్టార్జితముపై బ్రదుకవలెనను పట్టుదలయే దానికి గారణము. వ్యవహారజ్ఞుడు కాడనవచ్చును, పరధనాపేక్ష గలవాడని యనరాదు.

అంతకంటె పెద్ద దుఃఖ మాతనికి స్వజనులవలన గలిగెను. గోడలు వలదని పుట్టిన సంఘమే గోడలు కట్ట నారంభించెను. ఎవనితో నేకీభవింపమో వానిని దూరముంచుటయే ధర్మమని డార్బీ యను నాయకుడు బోధింపసాగెను. ప్రేమకంటె దోషనిరాకరణమే సంఘమునకు పునాది యగుచున్నదని గ్రోవ్సు 1836లోనే యాతనికి లేఖ వ్రాసి హెచ్చరించెను. ఫలము లేకపోయెను. 1848లో సంఘము రెండుగా జీలెను. తన బావమరదియగు జార్జి ముల్లరు నడుపు బ్రిస్టలు సంఘము వెలివేయబడగా, గ్రోవ్సు ఆ వెలిపడినవారి పక్షముననే నిలిచెను. 1866లోను, 1878లోను మన సమాజము చీలిన విధము నెరిగినవారికి ఈ కథను విప్పి చెప్ప నక్కరలేదు.

ఆనకట్ట పూర్తియైన మరుసటి యేడు, 1853 మే మాసమున, గ్రోవ్సు బ్రిస్టలులో ముల్లరు గృహమున మరణించెను. బౌడెను అప్పటికిని గోదావరి తీరముననే పనిచేయుచుండెను.