పసివాడి ధార – డాక్టర్ హ్యూ యంగ్

చిన్నప్పుడు బడిలో పడి మోకాలు చెక్కుకుపోతే మాస్టారు పూసిన ఎర్రమందు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ మెర్క్యురోక్రోమ్‌ను వైద్యంలోకి తెచ్చినాయన ఒక మూత్రవ్యాధుల శస్త్రవైద్యుడు. పేరు హ్యూ హాంప్టన్ యంగ్. ఈ సంగతి కిందటేడు దాకా నాకూ తెలియదు. తెలుసుకోవలసి వచ్చింది మా అక్క కొడుకు వల్ల.

నేను అమీర్‌పేటలో గది తీసుకుని చదువుకుంటున్నాను. ఒకరోజు అక్కా బావా నాలుగు నెలల పిల్లాణ్ణి ఎత్తుకుని ఊరి నుంచి దిగారు. మాటిమాటికీ జ్వరం. మందు వేస్తే తగ్గడం, మళ్ళీ రావడం. వాడికి మూత్రం ధారగా రాదు, బొట్లుబొట్లుగా పడుతుంది. ఆ మాట అమ్మమ్మ మొదటే అంది గానీ మేమెవరమూ పట్టించుకోలేదు. పంజగుట్టలో ఒక ఆస్పత్రికి తీసుకెళితే, మూత్రాశయంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. మూత్రనాళం వెనుకభాగంలో పుట్టుకతోనే పొరలు అడ్డుపడ్డాయట. మగపిల్లలకే వచ్చే జబ్బిది. పొర పల్చనిదే, కానీ దాని వెనక నిలిచిపోయిన మూత్రం ఒత్తిడికి మూత్రపిండాలు దెబ్బతింటాయి. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి, ఈ పొరల్ని మూడు రకాలుగా విడదీసి చెప్పింది యంగ్ అన్నారు. ఆ రాత్రి నిద్రపట్టక ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

యంగ్ 1870లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో పుట్టారు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో చేరారు. ఆయన మనసు సాధారణ శస్త్రచికిత్స మీద ఉండేది. 1897లో అక్కడి పెద్ద సర్జన్ హాల్‌స్టెడ్ ఆయనకు మూత్రవ్యాధుల విభాగం అప్పగించారు. ఆ విద్య తనకేమీ రాదని యంగ్ మొత్తుకున్నా, నేర్చుకోగలడన్న నమ్మకంతో పెద్దాయన మాట మార్చలేదు.

కోరి ఎంచుకోని ఆ శాఖకే ఆయన జీవితమంతా ధారపోశారు. 1912లో ఆయన చేతిలో నయమైన బ్రేడీ అనే కోటీశ్వరుడు ఇచ్చిన విరాళంతో 1915లో మూత్రవ్యాధులకే ప్రత్యేకంగా ఒక సంస్థ వెలిసింది. 1917లో ఆ శాఖకు ఒక పత్రిక స్థాపించి, కడదాకా సంపాదకుడిగా ఉన్నారు.

పసివాళ్ళకు ఆయన చేసిన మేలు 1919 నాటిది. అంతకు ముందు ఈ పొరల్ని శవపరీక్షల్లో చూసినవాళ్ళున్నారు. బిడ్డ పోయాక కారణం తెలిసి ఏం లాభం? యంగ్ ఇద్దరు సహచరులతో కలిసి, బతికున్న రోగుల్లోనే సన్నని గొట్టంలాంటి పరికరంతో లోపలికి చూసి జబ్బు పోల్చుకోవచ్చని తెలియజెప్పారు. మూత్రాశయం పొట్ట మీద తెరుచుకుని పుట్టే మరో ఘోరమైన లోపం ఉంది. ఒక ఆడపిల్లకు దాన్ని మూసి, మూత్రం ఆపుకోగలిగేలా చేసినట్టు 1942లో ఆయన ప్రకటించారు.

ఆయన చెప్పినవన్నీ నిలిచాయని కాదు. ఆ మూడు రకాల్లో రెండోదాన్ని ఇప్పుడు అడ్డుగా లెక్కించరు. మూత్రమార్గంలోని క్రిముల కోసం తెచ్చిన ఎర్రమందులో పాదరసం ఉంది. 1998లో అమెరికా ప్రభుత్వం దాన్ని సురక్షితమైన మందుల లెక్కలోంచి తీసేసింది. అయినా ఆయన వేసిన బాట మాత్రం చెదరలేదు.

మావాడికి పొట్ట కోయకుండా, మూత్రమార్గంలోంచే పరికరం పంపి ఆ పొరల్ని తొలగించారు. మర్నాడు వాడు అక్క ఒళ్ళంతా తడిపేస్తే, నవ్వుతూ ఏడ్చింది పిచ్చిది. మూత్రపిండాలకు అప్పటికే కొంత దెబ్బ తగిలింది. ఏళ్ళ తరబడి పరీక్షలు చేయిస్తూనే ఉండాలి. అమ్మమ్మ మాట మొదటే విని ఉంటేనా అనిపిస్తుంది.

1945లో యంగ్ కన్నుమూశారు. కోరిన సీటు రాలేదని దిగులుపడే మిత్రులు మన కాలేజీలో చాలామంది ఉన్నారు, నేనూ వాళ్ళలో ఒకణ్ణే. తనకు వద్దనుకున్న విభాగాన్ని ఆయన ఆనాడు వదిలేసి ఉంటే? మా అక్క కొడుకుని చూసినప్పుడల్లా నాకీ ప్రశ్నే గుర్తొస్తుంది.