భూమి లేచిందంటే నమ్మలేదు!

కట్టుకున్నవాడు దారిలోనే పోయాడు. దిగింది ముక్కూ మొహం తెలియని దేశం. 7 నెలలైనా నిండకుండానే కాళ్ల కింది నేల కదిలిపోయింది. అలాంటప్పుడు ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఏ ఓడ దొరికితే ఆ ఓడెక్కి పుట్టింటికి వెళ్లిపోదామనేగా! మేరియా గ్రాహం మాత్రం డైరీ తీసి, ఏ రోజు నేల ఎలా కదిలిందో రాసుకుంటూ కూర్చుంది. ఆ రాతే తర్వాత పెద్దపెద్ద శాస్త్రవేత్తల మధ్య గొడవకు కారణమైంది.

మేరియా 1785లో ఇంగ్లండులో పుట్టింది. తండ్రి జార్జ్ డండాస్ నౌకాదళ అధికారి. ఆయనకు బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ ఓడల పనిలో ఉద్యోగం రావడంతో, 1808లో తండ్రి వెంట మన దేశానికి బయల్దేరింది. ఆ ఓడలోనే థామస్ గ్రాహం అనే యువ అధికారి పరిచయమయ్యాడు. 1809లో పెళ్లయింది. బొంబాయి, మద్రాసు, కలకత్తా అన్నీ తిరిగింది. మహాబలిపురం శిల్పాలు కూడా చూసింది. చూసినవన్నీ 1812లో పుస్తకంగా అచ్చువేయించింది. క్షయ జబ్బు చిన్న వయసు నుంచే ఆమెను వెంటాడుతున్నా ప్రయాణాలు మానలేదు, రాయడమూ మానలేదు.

1821లో థామస్ కెప్టెన్‌గా ఉన్న డోరిస్ ఓడలో భార్యాభర్తలిద్దరూ దక్షిణ అమెరికాకు వెళ్లారు. 1822 ఏప్రిల్‌లో, ఆ ఖండం కొసన ఉన్న కేప్ హార్న్ దగ్గర థామస్ జ్వరంతో కన్నుమూశాడు. ఓడ చిలీలోని వాల్పరైసో రేవు చేరాక, అక్కడి మట్టిలోనే భర్తను సాగనంపింది మేరియా. తోటి ఇంగ్లీషువాళ్లు తిరిగి వెళ్లిపొమ్మన్నారు. ఆమె వినలేదు. ఊరి చివర చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, ఒంటరిగా ఉండిపోయింది. అప్పటికి ఆమెకు 36 ఏళ్లు.

ఆ రాత్రి...

1822 నవంబరు 19. మేరియా ఆ రోజు వాల్పరైసోకు ఉత్తరాన కింతెరో అనే చోట, చిలీ నౌకాదళాధిపతి లార్డ్ కాక్రేన్ ఇంట్లో ఉంది. జబ్బుపడిన బంధువుల కుర్రాడు గ్లెన్నీకి ఆమే సేవ చేస్తోంది. రాత్రి పది దాటింది. ఒక్కసారిగా ఇల్లంతా ఊగిపోయింది. అందరూ బయటపడ్డారు. వాల్పరైసోలో ఇళ్లకు ఇళ్లే నేలమట్టమయ్యాయి.

పెద్ద అదురు ఆగిందన్న మాటే గాని, చిన్నచిన్నవి రోజూ వస్తూనే ఉన్నాయి. మళ్లీ గోడల మధ్య పడుకునే ధైర్యం ఎవరికుంటుంది? గుడారాలే ఇళ్లయ్యాయి. ఓ పక్క రోగి, ఇంకో పక్క తనకే అంతంతమాత్రం ఆరోగ్యం. అయినా వచ్చిన ప్రతి అదురునూ మేరియా లెక్క రాసుకుంది.

తర్వాత సముద్రపు ఒడ్డుకు వెళ్లి చూస్తే... నీళ్లలో ఉండాల్సిన రాళ్లు బయటపడి ఉన్నాయి! వాటికి అంటుకున్న ఆల్చిప్పలు చచ్చి కంపు కొడుతున్నాయి. ఇదివరకు దగ్గరికి పోవడానికి వీల్లేని పాత ఓడ శకలం దాకా పొడి నేల మీద నడిచి వెళ్లొచ్చు. అంటే సముద్రం వెనక్కి పోలేదు, నేలే పైకి లేచింది! వాల్పరైసోలో 3 అడుగులు, కింతెరోలో 4 అడుగులు లేచిందని ఆమె రాసుకుంది.

మాటకు మాట

1823 జనవరిలో మేరియా చిలీ వదిలింది. మరుసటి ఏడాదే ఆమె రాసిన ఉత్తరం లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అందులో ఓ మహిళ రచన రావడం అదే మొదటిసారి. భూమి కొద్దికొద్దిగా లేస్తూ కొండలవుతుందని వాదించే చార్లెస్ లయల్ తన పుస్తకంలో ఆమె సాక్ష్యాన్ని వాడుకున్నాడు.

అక్కడే చిక్కొచ్చింది. 1834లో సొసైటీ అధ్యక్షుడు గ్రీనో నిండు సభలో ఆమె రాసినదాన్ని కొట్టిపారేశాడు. భయంతో వణికే ఆడమనిషికి ఏం కనిపించి ఉంటుందన్నదే ఆయన ధోరణి. అప్పటికి మేరియా చిత్రకారుడు కాల్‌కాట్‌ను పెళ్లాడి, జబ్బుతో మంచానికే పరిమితమై ఉంది. భర్త, తోడబుట్టినవాడు గ్రీనోతో ద్వంద్వయుద్ధానికే సిద్ధపడ్డారట! ఆమె వాళ్లను ఆపి, జవాబు తనే రాసింది. చూసింది చూసినట్టు మళ్లీ చెప్పింది.

1835 ఫిబ్రవరి 20న చిలీలోనే కాన్సెప్సియన్ దగ్గర మరో పెద్ద భూకంపం వచ్చింది. బీగిల్ ఓడలో అటు వచ్చిన డార్విన్, ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ తీరమంతా పరిశీలించారు. శాంతా మరియా దీవిలో నేల 8 నుంచి 10 అడుగుల దాకా లేచిందని తేలింది. అక్కడా రాళ్లకు అవే చచ్చిన ఆల్చిప్పలు! మేరియా మాట నిజమేనని ఇక వేరే చెప్పాలా? పసిఫిక్ అడుగున ఉన్న భూఫలకం దక్షిణ అమెరికా కిందికి చొచ్చుకుపోతుంటుందనీ, ఆ ఒత్తిడి ఒక్కసారిగా సడలినప్పుడు తీరం లేస్తుందనీ ఇప్పుడు మనకు తెలుసు.

మేరియా 1842 నవంబరులో చనిపోయింది. జియలాజికల్ సొసైటీ మహిళలకు సభ్యత్వం ఇచ్చింది మాత్రం 1919లోనే. ఆమెకు ఆ సొసైటీలో కుర్చీ లేదు, చేతిలో పట్టా లేదు. ఉన్నవల్లా రెండు కళ్లూ, ఓ డైరీ. ఇంటి లెక్కలూ, పిల్లల జ్వరాలూ రోజూ గమనించే మనకు ఆ కళ్లు లేవంటారా? మనం చూసినదాన్ని తేదీతో సహా రాసిపెట్టుకుంటే, ఎవరు కాదన్నా తొణకాల్సిన పని లేదు మరి!